దేవకుమారి మీద పేర్చిన రాళ్ళు

"మీ బొమ్మలో ఉన్నది ఇనుము కాదండీ, మిరపకాయలు!" అన్నాడు మార్కు. గట్టు మీద నిలబడ్డ పదిమందీ నోళ్ళు తెరిచారు.

వినుకొండ దాటాక కొండల పక్కనున్న ఊరది. ఖనిజాలు వెతకడానికి వచ్చిన రాగసుధ అనే అమ్మాయి, ఉపగ్రహం తీసిన బొమ్మను పలకంత టాబ్‌లో తెరిచి పట్టుకుంది. చేల మధ్య ఒకచోట ఎర్రగా ఉంది. అక్కడి మట్టిలో ఇనుము ఉందని ఆమె వాదన.

"ఇది పొరపాటు పడదు, పెద్దాయనా."

"పడదేమో గానీ, ఈ బొమ్మ ఎప్పుడు తీశారు?"

"మార్చిలో."

"మార్చిలో అక్కడ మా అమ్మగారు కాయలు ఆరబోస్తారండీ. ఎటు చూసినా ఎరుపే. రండి చూపిస్తా, ఆ ఇనుముతో పచ్చడి నూరుకుందురు గాని."

వెళ్ళి చూస్తే కల్లంలో ఎండు తొడిమలూ, గింజలూ తప్ప ఏమీ లేవు. రాగసుధ నవ్వేసి ఆ చోటును తన జాబితాలోంచి కొట్టేసింది. అమ్మగారంటే సుబ్బరావమ్మ. డెబ్బై దాటినా చేను కౌలుకివ్వని మనిషి, ఊళ్ళో మగవాళ్ళు కూడా జడిసే నోరు. మార్కు గెలిస్తే ఆ రోజంతా ఆవిడే మీసం మొలిచినట్టు తిరిగింది.

మార్కు చదివింది మూడో తరగతి. పదిహేనేళ్ళు క్వారీలో గ్రానైటు కోసి, ఛాతీ నిండా దుమ్ము నింపుకుని వచ్చాడు. దగ్గు ముదిరాక సుబ్బరావమ్మ చేలో నీళ్ళు పెట్టడానికి కుదిరాడు. రాయిని నాలుకతో తడిపి, వేలితో గీకి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. అందుకే రాగసుధ అతణ్ణి వెంట తిప్పుకుంది. ఆకాశంలో ఎంత కన్నున్నా, నేల మీద తడిమే చెయ్యి ఒకటి కావాలి కదా.

ఒకరోజు అడిగింది. "మార్కుగారూ, పచ్చ మరకలున్న రాయి ఎక్కడైనా చూశారా? రాగి ఉంటే అలా పచ్చబడుతుంది."

మర్నాడే ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఎక్కడిదంటే కొండవాలు చూపించాడు. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. అది ఆ వాలు మీదే ఉన్న అతని భార్య దేవకుమారి సమాధి మీది రాయి. మార్కు వాళ్ళ పేటలో మనిషిని పూడ్చాక, కుక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేరుస్తారు. దేవకుమారి పోయిన నాడు ఒకటే వాన. కొండెక్కి రాళ్ళు ఏరే దారి లేక మార్కు తల పట్టుకుంటే, సుబ్బరావమ్మే తన చేలో ఏరి గట్టున పోసిన రాళ్ళను బండికెత్తించి పంపింది. సమాధి మీది రాయి అని చెప్పుకోవడానికి సిగ్గుపడి, మార్కు వాలు వైపు చెయ్యి చూపించి ఊరుకున్నాడు.

బొమ్మలో ఆ వాలు మీద కూడా ఏదో రంగు తేడా ఉందట. వారం తిరిగేసరికి, బోరు వేసే చోట్లకు గుర్తుగా ఎర్రరంగు పూసిన మేకులు దిగాయి. మూడో మేకు దేవకుమారి తలవైపు.

"అక్కడ మావాళ్ళు పడుకున్నారమ్మా!" అని మార్కు మొత్తుకున్నాడు. రికార్డుల్లో అది ఉత్త కొండ పోరంబోకు.

"జానెడు వెడల్పు బోరే కదండీ," అంది రాగసుధ మెత్తగా. "పైగా రాయి దొరికింది అక్కడేనని మీరే చెప్పారు."

ఆ మాటతో మార్కు మంచం పట్టాడు. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది, గంజి కూడా దిగడం లేదు. సుబ్బరావమ్మ చూడబోయి, కూర్చోకుండానే అందుకుంది.

"ఏరా, అంత చదివిన పిల్లను నోరు మూయించావే, ఇప్పుడేమొచ్చింది? ఆ రాయి అక్కడిది కాదని చెప్పి చావొచ్చుగా!"

"అది దేవకుమారి మీద పేర్చిన రాయమ్మగారూ. మరెక్కడిదంటే ఏం చెప్పను?"

ఆ వాన రోజు తాను బండికెత్తించిన రాళ్ళు సుబ్బరావమ్మకు గుర్తొచ్చాయి. ఆవిడకున్నది ఆ రెండెకరాలే. కాపురానికొచ్చిన ఏడు నుంచీ ఆ చేలోనే కాయ కోసింది. మంచం కోడు పట్టుకుని మెల్లిగా నేల మీద కూర్చుంది.

"రేపు పొద్దున్నే బోరు మిషను వచ్చిద్ది," అన్నాడు మార్కు, గుక్క తిప్పుకుంటూ. "నా నోటితో చెబితే, అన్నం పెట్టిన చేలో నేనే మేకు దింపినోణ్ణవుతా. మీరే వెళ్ళండి. ఆ రాళ్ళు మీ చేలోవని ఆ అమ్మాయికి మీరే చెప్పండమ్మగారూ."