అక్క ప్రాజెక్టులో మాయమైన మైనస్‌లు

మా చిన్నప్పుడు... రావులపాలెంలో అరటి గెలల మార్కెట్టు దాటాక ఒక మేడ మీద, రేకుల షెడ్డులో డీటీపీ సెంటరు ఉండేది. కింద లారీలకు గెలలు ఎక్కించేవాళ్ల కేకలు, పైన ఒకే ఒక్క కంప్యూటరు. దాని పక్కన కుర్చీ వేసుకుని మా అక్క "ప్రసాద్ గారూ, ఇక్కడ గాలం వెయ్యండి" అనేది. గాలం అంటే ఇంటెగ్రల్ గుర్తు. అలా చెబితే తప్ప ఆయనకు అర్థమయ్యేది కాదు మరి...

"ఆ రోజులే బంగారం" అని నిట్టూర్చే అలవాటున్నవాళ్లు ఈ పోస్టు దాటేసి వెళ్లిపోవచ్చు. నాకు ఆ రోజుల మీద కోపం ఇంకా చల్లారలేదు.

అక్క రోజూ బస్సులో రాజమండ్రి వెళ్లి ఎమ్మెస్సీ లెక్కలు చదివేది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు రాయాలి. పుస్తకంలో రెండు పేజీలు సాగిన ఒక నిరూపణను తను వేరే దారిలో అర పేజీలో తేల్చింది. అది తేలిన రోజు వంటింట్లో అట్లకాడ పట్టుకుని గెంతింది... మా అక్క గెంతడం నేను చూసింది ఆ ఒక్కసారే.

గైడు గారు దాన్ని చదవలేదు. చేతిరాత కాగితాలు చూడగానే "ఇలా కాదమ్మా, కంప్యూటర్ మీద కొట్టించుకు రా" అన్నారట. ముత్యాల్లాంటి అక్షరాలు ఆయన కంటికి ఆనలేదు.

సరే, ప్రసాద్ గారి దగ్గరకు వెళ్లాం. ఆడపిల్ల ఒక్కతే మేడెక్కి షాపులో కూర్చుంటే బాగోదని అమ్మ నన్ను తోడు పంపేది. నేనప్పుడు ఏడో క్లాసు. ఎమ్మెస్సీ చదివే పిల్లకి ఏడో క్లాసు పిల్ల కాపలా... బాగుంది కదూ!

ప్రసాద్ గారు పెళ్లి శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, చర్చి మీటింగుల కరపత్రాలు కొట్టేవారు. అందులో దిట్ట. లెక్కలు మాత్రం మా అక్కవే మొదలు.

ఇక ఆ ఈక్వేషన్ల డబ్బా సంగతి... ఎక్కడో మెనూలో వెతికితే ఓ చిన్న డబ్బా తెరుచుకునేది. మౌస్ కాస్త పక్కకి తగిలిందా, మూసుకునేది. భిన్నం కింద భిన్నం పెడితే అంకెలు చీమల్లా అయిపోయేవి. అన్నీ కుదిరాయనుకునేసరికి కరెంటు పోయేది. దాన్ని తయారు చేసిన మహానుభావుడిని తెచ్చి, ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకుల షెడ్డులో కూర్చోబెట్టి, మా అక్క ప్రాజెక్టు మొత్తం కొట్టించాలని నాకు ఇప్పటికీ ఉంది.

వారాల తరబడి సాగింది. చివరికి గడువు రోజు పొద్దున్నే వెళ్తే నాలుగు సెట్లు ప్రింటు తీసి ఉంచారు. గైడుకీ కాలేజీకీ కలిపి మూడు, అక్కకి ఒకటి.

"సెట్టింగు చూడండి మేడమ్, శుభలేఖలా వచ్చింది. లైన్ల చివర ఒంటరిగా చిన్న చిన్న గీతలు వేలాడుతుంటే బాగోలేదని, రాత్రి నేనే అన్నీ శుభ్రం చేశానండి" అన్నారు ప్రసాద్ గారు, ఎంతో సంబరంగా.

బస్సు వచ్చేస్తోందని పరుగెత్తాం. నన్ను ఇంటి దగ్గర దింపే టైము లేక అక్క తనతోపాటే కాలేజీకి తీసుకెళ్లింది. సీటు దొరికాక అక్క పేజీలు తిప్పింది... మొహం పాలిపోయింది. పొడుగాటి సమీకరణాలు ఒక లైన్లో పట్టక కింది లైనుకు వచ్చేటప్పుడు పై లైను చివర మైనస్ ఉంటుంది. ఆ పెద్దమనిషి శుభ్రం చేసిన గీతలు అవే. అక్క సొంతంగా కనిపెట్టిన నిరూపణ సహా, మైనస్‌లు ఎగిరిపోయిన చోటల్లా లెక్క తప్పు.

బస్సు దిగి స్టాండులో బెంచీ మీద కూర్చుని, మూడు సెట్లలోనూ నల్ల పెన్నుతో ఒక్కొక్క మైనస్ దిద్దింది. నేను పేజీలు ఎగరకుండా పట్టుకున్నాను.

గైడు గారు సెట్టు తెరిచి పెన్ను గీతలు చూశారు.

"ఏంటమ్మా ఇది? పెన్ను దిద్దుళ్లు కుదరవని తెలీదా?"

"మైనస్‌లు పోయాయండి సార్. అవి లేకపోతే లెక్కే తప్పయిపోతుంది."

"మైనస్ ఎవరు చూస్తారమ్మా? నీట్‌గా ఉండాలి. సాయంత్రం లోపు మంచి కాపీ తెస్తే సంతకం పెడతాను, లేకపోతే వచ్చే ఏడాదే."

మళ్లీ రావులపాలెం వెళ్లి కొట్టించుకు రావడానికి టైము లేదు. అక్క సంచిలో దిద్దని నాలుగో సెట్టు ఉంది. కాలేజీ ఎదుట జెరాక్సు షాపులో ఆ తప్పుల పేజీలు మూడేసి తీయించింది. ఒప్పు పేజీలు తీసి తప్పు పేజీలు పెట్టింది. బైండింగు చేయించి మళ్లీ గైడు గారి బల్ల మీద పెట్టింది.

ఆయన అట్ట చూశారు, మొదటి పేజీ చూశారు, సంతకం గీకారు. "ఇప్పుడు చూడు, ఎంత బాగుందో" అన్నారు. నాకు ఆ బల్ల మీదున్న ఇంకు బుడ్డి ఆయన తెల్ల చొక్కా మీద ఒంపాలనిపించింది. ఒంపనందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ ప్రాజెక్టుకే కాలేజీలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. నాన్న ఆత్రేయపురం పూతరేకులు తెచ్చారు. అక్క ముట్టలేదు. పీహెచ్‌డీకి వెళ్లవే అని నాన్న బతిమాలితే "ఎవరు చదువుతారని రాయాలి నాన్నా?" అంది... వెళ్లలేదు. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరిపోయింది.

ఇప్పుడు మా అమ్మాయి కాగితం మీద లెక్క రాసి ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు, అచ్చేసినట్టు తెర మీద పడిపోతోంది. కొట్టే బాధ పోయింది. చదివే మనుషులు మాత్రం అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు.

మీ కష్టాన్ని తెరిచి చూడకుండానే సంతకం గీకేసిన పెద్దమనుషులు మీకూ తగిలే ఉంటారు. కింద రాయండి... ఎంత పొడుగైనా పర్లేదు. మా అక్క ఈ పోస్టు చూస్తోంది. మీరు రాసింది ఒక్క లైనూ వదలకుండా చదువుతుంది.