ఖాళీ జాగాలోకి బంతి

హాకీలో ముత్యాలు గోల్ కొడితే రెండు చప్పుళ్లు వినిపించేవి. ఒకటి కర్ర బంతికి తగిలినది, రెండోది బంతి గోలు వెనక పలకకు తగిలినది. మధ్యలో ఏం జరిగిందో అవతలి గోల్‌కీపర్‌కు అంతుపట్టేది కాదు. ఇవతలి గోల్‌కీపర్‌ని నేను. మైదానం ఈ చివర పని లేకుండా నిలబడి, వాళ్లిద్దరి ఆట అంతా చూసేవాణ్ని.

వాళ్లిద్దరంటే ముత్యాలు, హాతీరాం. డెబ్బై నాలుగు నుంచి ఐదేళ్లు ఇల్లెందు బొగ్గుబాయి జట్టులో ముత్యాలు సెంటర్ ఫార్వర్డ్. అతనికి ఎడమ పక్కన, లెఫ్ట్ ఇన్‌గా హాతీరాం ఆడేవాడు. ముత్యాలుది తిరుమలాయపాలెం దిక్కు పల్లె. హాతీరాం టేకులపల్లి దాటాక అడవిలో ఉండే తండా మనిషి, ముత్యాలు కంటే నాలుగేళ్లు పెద్ద. ఇద్దరూ బాయిలో ఒకే జతగా పనిచేసేవారు. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బు నింపడం, నిండిన టబ్బును పట్టాల మీద తొయ్యడం వాళ్ల పని. నేను దీపాల గదిలో ఉండేవాణ్ని. బాయి దిగేవాళ్ల టోపీలకు పెట్టుకునే దీపాలు ఇచ్చి, పైకొచ్చాక తీసుకునేవాణ్ని. పెద్దగా మాట్లాడుకోకుండానే ఇద్దరూ వచ్చి, దీపాలు తీసుకుని, చీకట్లోకి దిగిపోయేవారు.

మా మైదానం బొగ్గుపొడి కలిసిన నల్లమట్టి. చలికాలం సాయంత్రాలు గుట్టల మీది నుంచి మంచు దిగి, గడ్డి లేని ఆ నేల మీద మోకాలెత్తున పరుచుకునేది. అప్పుడు ఆటగాళ్ల కాళ్లు కనిపించేవి కావు. మనుషులు నడుము దాకా తేలుతూ అటూ ఇటూ జరుగుతున్నట్టుండేది. బంతి మంచులో మునిగి ఎక్కడో తేలేది. హాతీరాం దాన్ని ఎవరూ లేని చోటికి పంపేవాడు. చూసేవాళ్లు "అరెరే" అనేవారు. ఆ మాట పూర్తి కాకముందే ఆ ఖాళీ జాగాలో ముత్యాలు ఉండేవాడు. ఎటు నుంచి వచ్చాడో తెలిసేది కాదు. ఆ తర్వాత రెండు చప్పుళ్లు.

ఒక్క ఏడాదిలో పందొమ్మిది గోల్స్ కొట్టాడు. అందరూ అతని మణికట్టును మెచ్చుకున్నారు. ఇంట్లో అతని భార్య భద్రమ్మ ఆ చేతికి గోరువెచ్చని నూనె రాసి మర్దన చేసేది. గోల్స్ అన్నీ ఆ చేతిలోనే ఉన్నాయని ముత్యాలు కూడా నమ్మాడు.

డెబ్బై తొమ్మిదిలో హాతీరాం మణుగూరు కొత్త బాయికి మార్పించుకుని వెళ్లిపోయాడు. అతని భార్య మంగ్లి పుట్టింటివాళ్లు అటువైపే ఉన్నారు. బస్టాండులో ముత్యాలు అతని ట్రంకుపెట్టె పైకి అందించి "పోయి రా అన్నా" అన్నాడు. అంతే.

లెఫ్ట్ ఇన్ స్థానానికి హీరాలాల్ వచ్చాడు. టైమాఫీసులో గుమాస్తా. హైదరాబాదులో కాలేజీ జట్టుకు ఆడినవాడు, బంతిని ఎంతో నీటుగా కొట్టేవాడు. అతని పాస్ సరిగ్గా ముత్యాలు పాదాల దగ్గరికి వచ్చేది. దాన్ని అందుకోవాలంటే ముత్యాలు పరుగు ఆపాలి. ఆపేసరికి ఇద్దరు మీద పడేవారు. పదకొండు మ్యాచ్‌లు గడిచినా ఒక్క గోల్ రాలేదు. ముత్యాలు పాత అలవాటుగా ఖాళీ జాగాలోకి ఉరికేవాడు. అక్కడ బంతి ఉండేది కాదు. ఒట్టి మంచులో ఒక్కడే నిలబడి, ఏదో మరిచిపోయినవాడిలా చుట్టూ చూసేవాడు.

"చేతికి ఏదో అయింది" అన్నాడు నాతో ఒకనాడు. "మణుగూరు పోయి అన్నను అడుగుదాం, వస్తవా?"

ఆదివారం పొద్దున బయల్దేరాం. పాల్వంచ దాటాక బస్సు అడవిలో పడింది. ఇప్పపూలు రాలే కాలం. కిటికీల్లోంచి తియ్యటి, మత్తుగా ఉండే వాసన వచ్చి బస్సంతా నిండింది. గంపలతో పూలు ఏరుతున్న ఆడవాళ్లు చెట్ల మధ్య కనిపించి, మళ్లీ చెట్లలో కలిసిపోయారు. ముత్యాలు దారి పొడుగునా తన అరచేతినే చూసుకున్నాడు.

హాతీరాం క్వార్టర్ ముందు నులకమంచం వాల్చాడు. ముత్యాలు అతని కుడిపక్కన కూర్చుని బాధంతా చెప్పుకొచ్చాడు. హాతీరాం ఏమీ పలకలేదు. కాసేపటికి లేచి, అటుపక్కకు మారి కూర్చుని, "ఇప్పుడు చెప్పు" అన్నాడు.

ఛాయ్ తెచ్చిన మంగ్లి నవ్వింది. "ఆ చెవి ఇనబడది గదా. నీకు ఎర్కలేదా?"

ముత్యాలు చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఎప్పటి సంది?"

"నువ్వు బాయికి రాకముందుకెల్లే" అన్నాడు హాతీరాం. "దగ్గర్ల బొగ్గుకు పెట్టిన మందు పేలింది. చెప్తే అన్‌ఫిట్ అంటరని ఎవ్వలకి చెప్పలే."

"మరి గ్రౌండ్ల నేను నీ కుడిపక్కకెల్లే గదా అన్నా అన్నా అని ఒర్లేది?"

"ఒర్లుతుంటివా?" హాతీరాం నిజంగానే ఆశ్చర్యపోయాడు.

మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొదట మంగ్లి నవ్వింది, ఆ వెనక హాతీరాం. ముత్యాలుకు మాత్రం నవ్వు రాలేదు.

"మరి బాల్ ఎట్ల ఇస్తుంటివి?"

హాతీరాం ఆలోచించాడు. ఇంతకు ముందు ఎవరూ అడగని సంగతి కాబట్టి మాటలు వెతుక్కున్నాడు. "బాయిల గంత చప్పుడుల నువ్వు ఏం చెప్పినా నాకు ఇనబడకపోయేది. అందుకని నీ దీపం చూస్తుంటి. నువ్వు కదిలే ముంగట నీ నెత్తి తిరుగుతది. దీపం గోడ మీద అటు జరుగుతది. అటు నేను టబ్బు తోస్తుంటి. గ్రౌండ్ల గూడ గంతే. పట్టపగలు గూడ నీ నెత్తిమీద దీపం ఉన్నట్టే కనబడేది నాకు."

వెనక అడవిలో ఏదో పిట్ట ఆగి ఆగి కూస్తోంది.

"నేను నిన్ను ఒక్కనాడన్న జూడలే అన్నా" అన్నాడు ముత్యాలు, గ్లాసు కింద పెట్టి. "ఐదేండ్లు పక్కపక్కన ఉండి, చెవి సంగతి గూడ తెల్వదు నాకు."

"నువ్వు గోలు దిక్కు చూడాలె గదా. నీ పని అది" అన్నాడు హాతీరాం. ఆ మాటలో నిష్ఠూరం లేదు.

తిరిగొచ్చాక ముత్యాలు చేతికి నూనె మానేశాడు. షిఫ్టు దిగి స్నానం చేసి టైమాఫీసు దగ్గర నిలబడేవాడు. హీరాలాల్ బయటికి రాగానే ఇద్దరూ కలిసి మైదానానికి నడిచేవారు. మొదట్లో ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. మస్టర్ రాసే గుమాస్తాతో బొగ్గెత్తే మనిషి ఏం మాట్లాడతాడు? అయినా ముత్యాలు చూస్తూ నడిచాడు. హీరాలాల్ బంతి వదిలే ముందు ఎడమ మడమ కాస్త పైకి లేస్తుందని పసిగట్టాడు. ఒకనాడు అడిగేశాడు.

"సార్, బాల్ ముందటికి ఎందుకు ఇయ్యరు?"

"నువ్వు అడగవు కదా" అన్నాడు హీరాలాల్. "అందరూ పేరు పెట్టి పిలుస్తారు. నువ్వు 'సార్' అనడానికి నోరు తెరిచి, మొహమాటపడి ఊరుకుంటావు. నీకు నా ఆట నచ్చలేదనుకున్నా. బంతి తప్పిపోకూడదని కాళ్ల దగ్గరికే ఇస్తున్నా."

మరునాడు ఆటలో ముత్యాలు గొంతు మైదానమంతా వినిపించింది. "హీరా! ముందటికి!" అరిచాక తనే ఉలిక్కిపడ్డాడు. హీరాలాల్ నవ్వుతూ బంతిని ఖాళీలోకి కొట్టాడు. అది రెండు గజాలు ఎక్కువై బయటికి పోయింది. కానీ ఆ రోజు ఇంటికి పోతూ ముత్యాలు ఈల వేశాడు. నెల తర్వాత గోల్ వచ్చింది. ఆ వెనక మరో రెండు. పాత రోజుల వేగం రాలేదు.

ఎనభై డిసెంబర్‌లో బాయిల మధ్య పోటీల ఫైనల్ కొత్తగూడెంలో జరిగింది. అవతల మణుగూరు. హాతీరాం వాళ్లకు సెంటర్ హాఫ్‌గా దిగాడు, అంటే సరిగ్గా ముత్యాలుకు ఎదురుగా. మొదటి సగంలో ముత్యాలు ఎటు కదలాలనుకుంటే అటు ముందే హాతీరాం ఉన్నాడు. తన నీడ తనకంటే ముందు నడిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ముత్యాలుకు. ఆ విచిత్రానికి మధ్యమధ్య అతను నవ్వుకోవడం ఈ చివర నుంచి కూడా నాకు కనిపించింది.

విరామంలో హీరాలాల్ నిమ్మకాయ ముక్క చప్పరిస్తూ అడిగాడు. "ఈయన అన్నీ ముందే కనిపెడుతున్నాడు. ఇన్నేళ్లు ఆయనతో ఆడావు కదా, ఏ లోపమూ లేదా?"

కుడి చెవి మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆ పక్క నుంచి వెనకగా ఉరికితే హాతీరాంకు తెలియదు. ముత్యాలు నా వైపు చూశాడు.

"ఏం లేదు" అన్నాడు. "మంచి ప్లేయర్."

నేను నోరు మూసుకున్నాను.

ఆట ముగియడానికి ఐదు నిమిషాలుందనగా హీరాలాల్ ఎడమ మడమ లేచింది. ముత్యాలు అప్పటికే కదిలాడు. బంతి గోలు ముందరి డీలో అతనికి అందింది. హాతీరాం గోలుకూ అతనికీ మధ్య నిలిచాడు. ముత్యాలు తల గోలు కుడి మూల వైపు తిప్పాడు. కర్ర పైకెత్తాడు. హాతీరాం కుడి మూలకు వాలాడు. కానీ ముత్యాలు కొట్టలేదు. వెనక్కి తిరిగి చూడకుండా, ఎవరూ లేని చోటికి బంతిని మెల్లగా నెట్టాడు. హీరాలాల్ అక్కడికి వచ్చాడు. కొట్టాడు. పలక మోగింది.

మేం ఒకటీ సున్నాతో గెలిచాం. హీరాలాల్‌ను భుజాల మీదికెత్తారు. మైదానం మధ్యలో హాతీరాం ముత్యాలు తలను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇయ్యాల నీ నెత్తి అబద్ధమాడింది" అన్నాడు.

"అవ్ అన్నా" అన్నాడు ముత్యాలు, ఈసారి అతని ఎడమపక్క నిలబడి.

ఆ తర్వాత ఆరేళ్లు ఆడాడు. ఏ ఏడూ ఏడు గోల్స్ దాటలేదు. మా జట్టులో ఎక్కువ గోల్స్ హీరాలాల్‌వే. ముత్యాలు చెయ్యి దెబ్బతిన్నదని జనం అనుకున్నారు. అతను కాదనలేదు.

ఫైనల్ రోజు సాయంత్రం మణుగూరు జట్టు బస్సు కదులుతుండగా ముత్యాలు కర్ర పట్టుకుని ఉరికి అందులో ఎక్కేశాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. హాతీరాం పక్కన కూర్చుని కిటికీలోంచి చెయ్యి ఊపాడు. మర్నాడు భద్రమ్మ దీపాల గది దగ్గరికి వచ్చి "మా ఆయన ఏడీ?" అంటే, హాతీరాం ఇంటికి పోయిండు వదినా అన్నాను.

"గొంగడి తీస్కపోలే. అడివిల చలి ఉంటది" అని, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.