పిల్లోనికి మజ్జిగ

పెళ్లిచూపులకు పోయి, పిల్ల ముఖం చూడకుండానే లేచొచ్చిన మొనగాణ్ణి మా రెండు జిల్లాల్లో నేనొక్కణ్ణే. అదీ ఎవరూ పొమ్మనకుండానే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఎమ్మిగనూరులో మాది బట్టల అంగడి. తాత నుంచి నాయనకు, నాయన నుంచి నాకు ఆస్తిలా దిగిన మాటలు కొన్ని ఉండేవి. వాటిలో పెద్దది "అప్పకు మజ్జిగ ఇయ్యిరా" అన్నది. ఎదుటి మనిషి కొనే రకం కాదని తోస్తే నాయన ఆ మాట అనేవాడు. నేను పరిచిన చీరలన్నీ మడతపెట్టేవాణ్ణి. మా అంగట్లో మజ్జిగ ఏనాడూ లేదు. పాపం, వచ్చినవాళ్లు కాసేపు ఆశగా చూసి లేచిపోయేవాళ్లు.

ప్రొద్దుటూరులో సంబంధం. పిల్ల తండ్రి కందిబ్యాళ్ల వ్యాపారి. నాయన పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆ పెద్దమనిషి నన్ను పుచ్చు కందులు ఏరేవాడిలా తల నుంచి కాలిదాకా చూసి, లోపలికి తిరిగి అన్నాడు: "అమ్మా, పిల్లోనికి మజ్జిగ ఇయ్యండి."

నా నెత్తిన బట్టల మూట పడినట్టయింది. కూర్చున్న చాప వెచ్చబడనైనా లేదు, అప్పుడే నన్ను మడతపెట్టేశారు. లేచాను.

"ఏమప్పా, యాడికి?"

"మేమూ అంగడోళ్లమేనప్పా. ఇంత మాత్రం తెలీదా?"

"ఏం తెలిసింది నాయనా?"

చెప్పులు కూడా మరిచి, ఆ ఎండలో బస్టాండుకు నడిచాను. వెనకే నాయన వగరుస్తూ వచ్చాడు.

"ఏంరా, పిల్ల చెంబు పట్టుకోని నడవలో నిలబడుండాది. నువ్వు ఈడేం చేస్తాండావు?"

"చెంబులో ఏముండాది నాయనా?"

"మజ్జిగరా."

"నిజం మజ్జిగేనా?"

నాయన ఎవరిదో మూటమీద కూలబడ్డాడు. "మన అంగట్లో తప్ప లోకమంతా మజ్జిగంటే మజ్జిగే కొడకా."

తిరిగి పోయేసరికి పిల్ల తండ్రి వాకిలికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. "మా పిల్లలో ఏం వంక కనపడిందో చెప్పి పోండి. రేపు ఊరోళ్లకు నేనేం చెప్పాల?"

నాయనకు వేరే దారి లేకపోయింది. బయట పెట్టొద్దని తాత ఒట్టు వేయించుకున్న మాటను, ఇరుగుపొరుగు వింటుండగా అరుగుమీద విప్పి పరిచాడు. అందరూ నోళ్లు తెరిచి చూస్తున్నారు. తలుపు వెనక పిల్ల మాత్రం పకపకా నవ్వింది. ఆ నవ్వుతో సంబంధం ఖాయమైంది.

మేం ఇల్లు చేరేలోపే కథ బస్సెక్కి ఎమ్మిగనూరు చేరింది. "ఏమప్పా, ధర చెప్తావా, మజ్జిగిస్తావా?" అని అడగని గిరాకీ లేదు. ఆ తర్వాత నాయన, కొననివాళ్లకు కూడా పొద్దు గూకేదాకా చీరలు విప్పి చూపాల్సి వచ్చింది.

అయ్యలారా, ఎవరింట్లో ఏమిచ్చినా ముందు తాగుతాను, అర్థం తర్వాత వెతుక్కుంటాను అని ఆనాడే ప్రమాణం చేశాను. ఇక లెక్క దాపరికం లేకుండా చెప్తాను. తాతల నాటి మాట పోయింది, భార్య వచ్చింది. పోయినదంతా నాయనది, వచ్చినదంతా నాది.