బావకు పోసిన పుదీనా రమ్ము

మా బావ గోవాలో తాగొచ్చిన ఒక గ్లాసు గురించి మేము ఆరు నెలలు విన్నాం. ఆయనది రేపల్లెలో రంగుల షాపు. ఆ సంవత్సరం రంగు డబ్బాలు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు డీలర్లందరినీ గోవా తీసుకెళ్లారు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా సముద్రం గురించి చెబుతారు. సముద్రం మాకు సూర్యలంకలో ఉంది కాబట్టి బావ దాని జోలికి పోలేదు. తెల్లటి రమ్ములో నిమ్మరసం, పంచదార, దంచిన పుదీనా, సోడా, ఐసు వేసి పొడుగాటి గ్లాసులో ఇచ్చారనీ, అది గొంతు దిగుతుంటే ఎండాకాలం ఫ్యాను కింద తడి తువ్వాలు కప్పుకున్నట్టుందనీ చెప్పేవాడు. గ్లాసు రెండు వందలట.

"రెండొందలా? నిమ్మకాయ సోడాకా?" అన్నాను నేను. నేను పుట్టి పెరిగింది తెనాలి బజారులో. నాన్నది కిరాణా కొట్టు, బాబాయిది గిన్నెల కొట్టు, మావయ్యది నిమ్మకాయల వ్యాపారం. మా ఇళ్లలో పిల్లలకి 'అమ్మ' తర్వాత వచ్చే మాట 'తగ్గించి చెప్పండి'. "ముప్ఫై రూపాయల్లో నేను చేసి పోస్తా బావా."

ఊరికే అన్న మాట కాదది. బావ బాపట్లలో రెండో షాపు తెరవబోతున్నాడు. అందులో నన్ను కూర్చోబెట్టాలా, వాళ్ల పిన్ని కొడుకుని కూర్చోబెట్టాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. నాకప్పటికి ఇరవై ఏడేళ్లు. నాన్న కొట్లో కందిపప్పు పొట్లాలు కడుతూ, కట్టిన ప్రతి పొట్లానికీ తిట్లు తింటున్నాను. బాపట్ల నా కళ్లకి దేవేంద్రుడి రాజధానిలా కనబడేది.

"సరే, వచ్చే ఆదివారం రా," అన్నాడు బావ. "నాతో గోవా వచ్చిన చీరాలాయన కూడా భోజనానికొస్తున్నాడు. ఇద్దరికీ పొయ్యి. చూద్దాం నీ తెలివి."

ఆ 'చూద్దాం'లో బాపట్ల ఉందని పక్కనే నిలబడ్డ మా అక్కకి కూడా అర్థమైంది.

ఆదివారం పొద్దున్నే తెనాలిలో వైన్ షాపుకి వెళ్లి తెల్ల రమ్ము అడిగాను. కొట్టాయన నవ్వాడు. "తెల్లగా కావాలంటే జిన్ను తీసుకో. రమ్మంటే మన దగ్గర నల్లదే." సరే, నల్లవాటిలోనే చవకది ఇమ్మని, అలవాటు కొద్దీ ఒక రేటు చెప్పాను. "ఇక్కడ సీసా మీదున్న రేటు కంటే ఎక్కువ తీసుకుంటాం గానీ తక్కువ తీసుకోం తమ్ముడూ," అన్నాడు. ఆ అవమానం కడుపులో పెట్టుకుని కూరగాయల బజారుకి నడిచాను. కసి అంతా పుదీనా అమ్మే ఆవిడ మీద తీర్చుకున్నాను.

"రెండు కట్టల రేటుకి మూడియ్యి పిన్నీ. పైన కొసరు."

"కొసరు కూడానా నాయనా? నీ పెళ్లాం బతికినట్టే."

"నాకింకా పెళ్లి కాలేదు."

"ఎట్టా అవుద్దిలే."

రెండుసార్లు వెళ్లిపోతున్నట్టు నటించి వెనక్కి తిరిగాక ఆవిడ లొంగింది. "ఉండు, లావుగా కట్టిస్తా," అని కట్టలు గోనెపట్టా చాటుకి తీసుకుని, తడిపి, మళ్లీ కట్టి ఇచ్చింది. బేరం గెలిచిన మనిషి ఆవిడ చేతుల వైపు ఎందుకు చూస్తాడు? నేను జేబు వైపు చూసుకుంటున్నాను.

సీసాని తువ్వాల్లో చుట్టి, పుదీనా ఒళ్లో పెట్టుకుని రేపల్లె ప్యాసింజరెక్కాను. దిగేసరికి కట్టలు వాడిపోయి నల్లబడ్డాయి. అక్కా వాళ్లింటికి చేరాక విప్పి ఆకు తుంచే ఓపిక లేక, కాడలతో సహా వంటింటి రోట్లో పడేశాను.

"పచ్చడా?" అంది అక్క.

"అలాంటిదే."

"ఆ రోట్లో రోజూ వెల్లుల్లి కారం దంచుతానురా."

"కడుగుతావుగా?"

"కడుగుతాను. నేను కడిగితే రాయి మర్చిపోద్దా?"

నేను వినలేదు. నాలుగు పోట్లు పొడిచి, నిమ్మకాయలు పిండి, పంచదార, రమ్ము పోసి, వీధి చివర కొన్న గోలీసోడా కొట్టి, కంపెనీవాళ్లు దీపావళికిచ్చిన పొడుగు గ్లాసుల్లో ఐసు వేసి నింపాను. గోవాలో అది కొబ్బరినీళ్లలా ఉందట. నాది ఆగస్టు నెలలో పంటకాలవలా ఉంది.

మధ్యాహ్నం భోజనాలకి ముందు, హాల్లో ఇద్దరికీ అందించాను. బావ ఒక గుక్క తాగి, నాలిక మీంచి ఒక కాడ తీసి, వెలుతురుకి పట్టి చూశాడు.

"ఏరా బామ్మర్దీ, ఇదేంటి?"

కొత్తిమీర. గోనెపట్టా చాటున ఏం జరిగిందో నాకప్పుడు తెలిసింది. ఈలోగా చీరాలాయన దగ్గు మొదలుపెట్టాడు. "గొంతులో ఈ మంటేంటి తమ్ముడూ?"

బాపట్ల కదిలిపోతున్న బస్సులా కనిపించింది. పరిగెత్తి ఎక్కాలి, అంతే.

"వెల్లుల్లి కారమండి," అన్నాను తొణక్కుండా. "అక్కడ మీకు పోసింది ఊరు చూడ్డానికొచ్చినోళ్లకి పోసేదండి. గోవావాళ్లు ఇంట్లో తాగేది ఇది."

"నువ్వెప్పుడెళ్లావు గోవా?"

"వెళ్లిన మీకు తెలిసిందాండి మరి?"

చీరాలాయన ఆలోచనలో పడ్డాడు. నేను ఆ సందులో దూరిపోయాను. కారానికి చెమట పడుతుంది, చెమటకి ఒళ్లు చల్లబడుతుంది, లోపలి సంగతి పుదీనా చూసుకుంటుంది, మన ఉక్కపోతకి ఇంతకంటే మందు లేదు. చెబుతూ చెబుతూ నేనే సగం నమ్మాను. ఆయన మా అక్క పెట్టిన జంతిక కొరికి ఇంకో గుక్క వేశాడు.

"కొత్తిమీర కూడా వేస్తారన్నమాట."

"అసలు అదే ముఖ్యమండి."

రెండో గ్లాసు ఆయనే అడిగి పోయించుకున్నాడు. చేసే పద్ధతి సిగరెట్టు పెట్టె వెనక రాసుకున్నాడు. "రోలు కడక్కూడదా?"

"కడగొచ్చండి. గట్టిగా కడక్కూడదు."

బావ తన గ్లాసు కషాయం మింగినట్టు ఒక్క గుక్కలో ముగించాడు. చీరాలాయన భోంచేసి బస్సెక్కాక నన్ను అరుగు మీదకి పిలిచాడు.

"గోవాలో నా పక్కన కూర్చుని మూడు గ్లాసులు తాగిన మనిషాయన. ఆయనకి ఇది అమ్మావు. బాపట్ల కౌంటర్లో నువ్వే కూర్చో."

కాళ్లకి దణ్ణం పెట్టబోయాను.

"ఆగు. సరుకు కొనడం మాత్రం మా పిన్ని కొడుకు చూస్తాడు. నీకు కొనడం రాదు."

మా వంశంలో ఎవరినీ ఎవరూ అంత మాట అనలేదు. "నాకు కొనడం రాదా బావా? మూడు కట్టలు, రెండు కట్టల రేటుకి..."

"అందులో ఒకటిన్నర కొత్తిమీర. నువ్విలాగే చవగ్గా డబ్బాలు కొనుక్కొస్తే, ఆర్నెల్లకి గోడ పెచ్చులూడుద్ది. ఆ గోడ గలాయన మనింటికొస్తాడు."

"పోనీ బ్రష్షులు?"

"వద్దు."

"షాపులోకి చీపురు?"

"వద్దన్నానా."

"టీ పొడి బావా. అదైనా."

"టీ పొడి కొనుక్కో," అన్నాడు బావ చివరికి. "నేనొచ్చినప్పుడు మాత్రం నాకు టీ ఇవ్వకు."