సరిహద్దు దాటిన గీత

షాల్‌క్రాస్ అనే శివారు పేట నుంచి రోజూ మొదటి బస్సుకే వచ్చే కిష్టసామి, దక్షిణాఫ్రికాలోని డర్బన్ రోడ్ల ఆఫీసులో ముప్ఫై ఏళ్లుగా మ్యాపులు గీస్తున్నాడు. చొక్కా చేతులు మోచేతులదాకా మడుస్తాడు, పెన్నును కళ్ళకద్దుకుంటాడు, ఊపిరి బిగబట్టి గీత లాగుతాడు. తెల్లవాళ్ల పాత ప్రభుత్వంలో ఆ గీతలన్నీ సరిహద్దు దగ్గరే ఆగిపోయేవి. అవతలి మొజాంబిక్ ఉత్త తెల్లకాగితం.

కొత్త ప్రభుత్వం వచ్చాక పొరుగు దేశాలన్నీ కలిసి డబ్బు వేసుకుని ఒకే రోడ్డు వేద్దామనుకున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం మీటింగుకి ఆ రోడ్డు మ్యాపు అందాలి. గీస్తూ గీస్తూ సరిహద్దు దగ్గరికి రాగానే కిష్టసామి చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

"ఏటి మావా, ఆపేసినావు? డ్రా చెయ్యి, అవతల కూడా మన రోడ్డే," అంది కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి యషికా.

"అలవాటమ్మా. ఇన్నేళ్లూ ఇక్కడే స్టాప్ అన్నారు."

మీటింగు కోసం మొజాంబిక్ రాజధాని మపుటో నుంచి వచ్చిన ఇంజనీరు నవ్వుతూ తమ మ్యాపు తెచ్చి, అంచుకు అంచు ఆనించి పట్టుకున్నాడు. కిష్టసామి అతని వేళ్ల పక్కనుంచి సముద్రందాకా గీత లాగాడు. మొదలుపెట్టేముందు మాత్రమే కళ్ళకద్దుకునే పెన్నును ఆవేళ ముగించాక కూడా అద్దుకున్నాడు. రెప్ప మీద సిరా చుక్క అంటింది. సాయంత్రం దాన్ని తుడుచుకోకుండానే బస్సెక్కాడు.