జనరేటర్ల హోరులో నాన్న సుత్తి

ఫరీదాబాద్‌లో మా కొత్త ఇంటి వెనక ఇనుప స్తంభాలు నిలబెట్టి రేకుల షెడ్డు వేశాం. సగంలో సామాను, సగంలో నాన్న వడ్రంగి పని. నాకైతే ఆనందం ఆగడం లేదు. ఈ ఉదయం అక్కడ చెక్కపొట్టు వాసన రాగానే పాత అద్దె ఇల్లు గుర్తొచ్చింది.

కరెంటు పోగానే వీధంతా జనరేటర్లు మొదలయ్యేవి, మీకూ గుర్తుందా? అందరూ విసుక్కుంటే మేం మాత్రం సంబరపడేవాళ్లం. కింద ఉండే ఓనరు ఆంటీకి చప్పుడు పడదు. ఆ హోరులో వినిపించదని, నాన్న మంచం కింద నుంచి పనిముట్లు లాగేవారు.

"తొందరగా మేకులివ్వమ్మా, కరెంటు వచ్చేస్తుంది!" అని నన్ను హడావుడి పెట్టేవారు.

నా పుస్తకాల అలమర అలా ఒక వేసవంతా తయారైంది.

ఈ రోజు షెడ్డులో పనిబల్లకు మొదటి మేకు. నాన్న అలవాటుకొద్దీ మెల్లగా తట్టారు.

"గట్టిగా కొట్టండి నాన్నా, ఇది మనిల్లు."

ఠంగుమని కొట్టారు. వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "అబ్బబ్బ, ఏమిటా మోత! ఆ ఓనరు ఆంటీయే నయం!"

నాన్న పగలబడి నవ్వి సుత్తి నా చేతికిచ్చారు. కాన్వెంటు స్కూల్లో సిస్టర్లు నేర్పిన నెమ్మదంతా పక్కన పెట్టి, మేకు పూర్తిగా దిగేదాకా కొట్టాను.