దేవుడి నెత్తిన రుద్దిన నేరం

మొన్న తిరువూరులో ఒక చావుకు వెళ్లాను. లారీ గుద్ది పోయిన ఆ పాతికేళ్ల కుర్రాడి శవపెట్టె పక్కన నిలబడి, దేవుడు తనకు నచ్చిన పూలనే ముందు కోసుకుంటాడని ఎవరో మైకులో చెబుతుంటే, తాగి లారీ తోలినవాడి ఊసు ఒక్కరూ ఎత్తకపోతే, ఈ వయసులోనూ నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటి మాటే డెబ్బైలలో, నా చిన్నతనంలో, మా ఇంటి చావులోనూ విన్నాను.

మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, అమ్మమ్మతో కలిసి పెనుగొలనులో ఒక ఆసామి పత్తిచేలో కలుపు తీయడానికి వెళ్లేది. ఆమె నవ్విందంటే పక్క చేలో వాళ్లు తలెత్తి చూసేవారు. మా వైపు పత్తికి పురుగుమందు కొట్టడం అప్పుడప్పుడే మొదలైంది. ముందురోజు మందు కొట్టించి, డబ్బాలు నీళ్ల కాలవలోనే కడిగించిన ఆసామి, చెబితే కూలీలు రారని నోరు మెదపలేదు. ఎండకు దాహమేసి పిన్ని ఆ కాలవ నీళ్లే దోసిలితో తాగింది. ఎడ్లబండి తిరువూరు ఆసుపత్రికి చేరేలోపే, నోట నురగతో, అమ్మమ్మ ఒళ్లో ప్రాణం విడిచింది.

ఆసామి వచ్చి, తలరాత అని వెళ్లిపోయాడు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఇది దేవుడు పెట్టిన పరీక్ష అన్నారు. ఆడవాళ్ల వైపు చాప మీద, నా పక్కన కూర్చున్న అమ్మమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, మందు కొట్టించింది దేవుడు కాదండి, ఆసామి. చెప్పకుండా దాచిందీ ఆయనే. ఆయన చేసిన పని దేవుడి నెత్తిన రుద్దుతారేంటండి?"

దేవుడి చిత్తం లేకుండా ఆకైనా రాలదమ్మా అన్నారాయన, మెల్లగా.

"అట్లయితే ఆ దేవుణ్నీ అడుగుతానండి, చూస్తూ ఎందుకూరుకున్నావని. ముందు ఆసామిని అడగనివ్వండి."

మరునాటి నుంచి మా పేటలో ఒక్క మనిషి ఆ చేలో అడుగు పెట్టలేదు. కలుపు పత్తిని మించి పెరిగాక ఆసామే వచ్చి, ఇకమీదట మందు కొడితే ముందే చెబుతానని అందరి ఎదుటా ఒప్పుకున్నాడు. పిన్ని గురించి మాత్రం ఒక్క ముక్క అనలేదు. కేసూ లేదు, శిక్షా లేదు. హాయిగా బతికి, ముసలితనంలో మంచం మీద పోయాడు.

అమ్మమ్మ మాత్రం ప్రార్థన మానలేదు. ఇంకా చర్చికి ఎందుకు వెళ్తావని ఒకసారి కోపంగా అడిగాను. "మానేస్తే దేవుడు తప్పించుకుంటాడే. జవాబు చెప్పేదాకా అడుగుతానే ఉంటా," అంది.

ఆ జవాబు ఆమెకు దొరికిందో లేదో నాకు తెలియదు. నాకైతే దొరకలేదు. కూలికి పోతేనే పొయ్యి వెలిగే రోజుల్లో కూడా, ప్రసంగం మధ్యలో లేచి అడగగల ఆడవాళ్లు మాలో ఉండేవారు. ఇప్పుడు చర్చిలో అందరికీ కుర్చీలున్నాయి, వాటిలోంచి లేచేవాళ్లే కనబడరు.